పగిలిన పింగాణితో పెరిగిన తోట

ఒక నగరం నిర్మించడానికి ఎంత ఇటుక, ఎంత ఇసుక, ఎంత ఉక్కు కావలెనో ఇంజనీర్లు ముందుగానే లెక్క కడతారు. ఆ నిర్మాణంలో ఎంత సామాను వ్యర్థమై కుప్పలు పడుతుందో లెక్క కట్టేవారు అరుదు. పాత ఊళ్లు కూల్చగా మిగిలిన రాళ్లు, కుండపెంకులు. కొత్త ఇళ్లు కట్టగా మిగిలిన విరిగిన పలకలు, పగిలిన పింగాణి తొట్లు, ఖాళీ తారు పీపాలు - ఇవన్నీ ఎక్కడికో ఒకచోటికి పోవాలి. సాధారణంగా అవి ఊరి వెలుపలి పల్లపు నేలకు చేరి, మట్టి కప్పుకొని, జనుల జ్ఞాపకంలోనుండి తొలగిపోతాయి. ఉత్తర భారతదేశంలోని చండీగఢ్‌లో మాత్రం ఈ కథ మరొక విధంగా నడిచినది. ఆ నగరం పారవేసిన సామానులో కొంత భాగం ఒక ఉద్యానవనమై, నగరంతోపాటు పెరిగి, చివరకు నగరానికే పేరు తెచ్చినది. దానిని రాక్ గార్డెన్ అంటారు. తెలుగులో రాతితోట అనవచ్చు.

1947లో దేశ విభజన జరిగినప్పుడు పంజాబు రాజధానియైన లాహోరు పాకిస్తానులో చేరిపోయినది. మన దేశంలో మిగిలిన పంజాబుకు రాజధాని లేకపోయినది. శివాలిక్ కొండల పాదంలో ఒక చదునైన ప్రదేశాన్ని 1948లో ఎన్నుకొన్నారు. మొదట వాస్తుశిల్పులు ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నొవిత్స్కీ పథకం గీసినారు. 1950లో నొవిత్స్కీ విమాన ప్రమాదంలో మరణించగా, 1951లో ఆ బాధ్యత లె కార్బూజియేకు, ఆయన సహచరులకు వచ్చినది. నగరమంతా తిన్నని వీథులు, అంకెలతో పిలువబడే సెక్టార్లు. ఉత్తరాన శాసనసభ, హైకోర్టు, సచివాలయం. ఏ భవనం ఎంత ఎత్తుండవలెనో, ఏ నేల ఖాళీగా ఉండవలెనో అన్నీ ముందే నిర్ణయించిన నగరమది. ఇంత క్రమమైన నగరం లేవడానికి అక్కడ అంతకుముందున్న అనేక గ్రామాలు లేవవలసివచ్చినది. గుడిసెలు, పెరళ్లు, బావిగట్లు, చిన్న చిన్న గుళ్లు నేలమట్టమైనవి.

ఆ పనులు జరుగుతున్న కాలంలో, 1951లో, నేక్‌చంద్ అనే యువకుడు ప్రజాపనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టరుగా చేరినారు. ఆయన 1924లో షకర్‌గఢ్ ప్రాంతంలోని బరియాఁ కలాఁ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టినారు. ఆ పల్లె నేడు పాకిస్తానులో ఉన్నది. విభజన చెదరగొట్టిన లక్షలాది కుటుంబాలలో ఆయనది ఒకటి. ఊరు పోయిన మనిషి, ఊళ్లు పోయిన చోట కొత్త ఊరు కట్టే పనిలో కుదిరినారన్నమాట. ఆయనకు శిల్పవిద్యలో గాని, వాస్తువిద్యలో గాని శిక్షణ లేదు. చిన్నతనంలో బంకమట్టితో బొమ్మలు చేసిన అలవాటు, తల్లి చెప్పిన రాజుల కథలు - ఇవే ఆయన మూలధనం.

1957, 58 ప్రాంతాలలో ఆయన ఒక వింత వ్యాపకం ప్రారంభించినారు. పని ముగిసిన తరువాత సైకిలు మీద శివాలిక్ వాగులకు పోయి, ఏటిపాయలలో నీరు ఒరిపిడి పెట్టి తీర్చిన రాళ్లను ఏరుకొని వచ్చేవారు. ఒకటి కొంగవలె ఉండేది, ఒకటి కూర్చున్న మనిషివలె ఉండేది. సుఖ్నా చెరువుకు సమీపంలో, కట్టడాలు నిషేధించిన అటవీభూమిలో, పొదలు కమ్మిన ఒక గండి ఉన్నది. ఆ గండిలో చిన్న చోటు శుభ్రం చేసి రాళ్లను వరుసగా నిలిపినారు. క్రమంగా రాళ్లతోపాటు నగరం పారవేసిన సామాను కూడ అక్కడికి చేరసాగినది. అనుమతి లేని పని గనుక రాత్రిపూటే సాగేది. వెలుతురు కోసం పాత టైర్లు కాల్చేవారని చెబుతారు. రబ్బరు పొగ ఎంత చెడ్డదో తెలిసిన నేటివారు ఈ ఒక్క సంగతిని మెచ్చుకోరు. చెత్తతో కట్టినదంతా పరిశుభ్రంగానే కట్టబడినదని అనుకోవడం పొరపాటు.

ఇక్కడ కొంచెం నిలిచి, ఆయన ఏరిన సామాను స్వభావం చూడవలసి ఉన్నది. అన్ని చెత్తలు ఒక్కటి కావు. ఇనుప తుక్కును కొలిమిలో కరగించి మళ్లీ ఇనుము చేయవచ్చు. కాగితాన్ని నానబెట్టి గుజ్జు చేసి మళ్లీ కాగితం చేయవచ్చు. ఒకే రంగు గాజును వేరుచేయగలిగితే దానిని కూడ కరగించవచ్చు. కాని పగిలిన పింగాణి కప్పు సంగతి వేరు. బంకమట్టి ఖనిజాల అణునిర్మాణంలో నీటి అంశం కలిసి ఉంటుంది. సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి అది విడిపోయి వెళ్లిపోతుంది. అంతకంటె హెచ్చు వేడిలో కొంత భాగం గాజువలె కరిగి తక్కిన కణాలను అతికి బిగిస్తుంది. ఒకసారి ఈ మార్పు జరిగిన తరువాత ఎంత నూరినా, ఎంత నానబెట్టినా ఆ ముక్క తిరిగి సారెమీద తిరిగే మట్టి కాజాలదు. పురావస్తు శాస్త్రజ్ఞులు వేల ఏళ్లనాటి కుండపెంకులను బట్టి చరిత్ర చెప్పగలగడానికి కారణం ఇదే. వెనుకకు మరలని పదార్థం గనుక పింగాణి చెత్తలలోకెల్ల మొండి చెత్త.

నేక్‌చంద్ తోటలో ఈ మొండితనమే గుణమైనది. కరగదు, కుళ్లదు, తుప్పు పట్టదు, ఎండకు రంగు వెలవదు. వానలో నిలిచే బొమ్మకు ఇంతకంటె మేలైన చర్మం ఏముంటుంది? సాధారణపు ఇటుకను, పింగాణి ముక్కను బడి తరాజులో తూచి, ఒక పగలు ఒక రాత్రి నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచితే తేడా విద్యార్థులకే తెలుస్తుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం సామాన్యమైన ఇటుక తన బరువులో నూటికి 20 వంతుల వరకు నీరు పీల్చవచ్చు. బాగా కాలిన పింగాణి నూటికి అర వంతు కూడ పీల్చదు. నీరు చొరని చోట నాచు పట్టుట, పొరలు రాలుట తక్కువ.

బొమ్మ లోపలి అస్థిపంజరం సంగతి కూడ చూడదగినది. పాత సైకిళ్ల చట్రాలు, ఇనుప ఊచలు వంచి కాళ్లు, చేతులు, వెన్నెముక ఏర్పరచేవారు. దానిమీద సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద పూసి శరీరం తీర్చేవారు. అది ఆరకముందే పైన గాజుముక్కలు, కప్పుల పెంకులు, రంగురాళ్లు, బొగ్గు కాలగా మిగిలిన చిట్టెపు ముక్కలు నొక్కేవారు. పగిలిన గాజులను వరుసలు వరుసలుగా పొదిగి స్త్రీల బొమ్మలకు చీరలు కట్టినారు. స్త్రీలు తొడిగి, పగిలి, ఊడ్చివేయబడిన గాజులే ఇలా మళ్లీ అలంకారమైనవి.

సైకిలు చట్రం మీద సిమెంటు ఎందుకు నిలుస్తుంది? రెండు కారణాలు. మొదటిది వ్యాకోచం. ఒక డిగ్రీ వేడి పెరిగితే ఉక్కు తన పొడవులో పది లక్షల వంతులలో సుమారు 12 వంతులు సాగుతుంది. కాంక్రీటు సుమారు 10 వంతులు, మామూలు గాజు సుమారు 9 వంతులు. చండీగఢ్‌లో వేసవి పగలు 40 డిగ్రీలు దాటుతుంది, శీతకాలపు రాత్రి 5 డిగ్రీలకు దిగుతుంది. ఆ 35 డిగ్రీల తేడాకు ఒక మీటరు ఉక్కు 0.42 మిల్లీమీటర్లు, కాంక్రీటు 0.35 మిల్లీమీటర్లు సాగుతాయి. తేడా వెంట్రుక మందమంత మాత్రమే. అల్యూమినియం చట్రమైతే 0.8 మిల్లీమీటర్లు సాగి పైపూతను పగులగొట్టి ఉండేది. రెండవ కారణం రసాయనికమైనది. సిమెంటు గట్టిపడేటప్పుడు సున్నపు అంశం విడుదలై గాఢమైన క్షారగుణం కలుగుతుంది. ఆ క్షారంలో ఇనుము మీద పలుచని రక్షణపొర ఏర్పడి తుప్పు పట్టకుండ కాపాడుతుంది. నేక్‌చంద్ ఈ అంకెలు చూసి పని చేసినవారు కారు. రోడ్లు, కల్వర్టులు వేసే శాఖలో తాపీ మేస్త్రుల మధ్య తిరిగిన మనిషికి సిమెంటు, ఇనుము కలిసి బ్రదుకుతాయన్న అనుభవం చాలును.

గోడల పని మరొక తమాషా. రోడ్ల పనిలో తారు పోయగా మిగిలిన ఖాళీ పీపాలను అచ్చులుగాను, గోడకు అంగాలుగాను వాడినారు. ఒకచోట విద్యుత్తు సామానులోని పింగాణి బుడిపెలు గోడంతా పరుచుకొన్నవి; మరొకచోట కాలిపోయిన ట్యూబులైట్లు. దారులు ఇరుకుగా, వంకర టింకరగా, కొన్ని గుమ్మాలు తలవంచి పోవలసినంత పొట్టిగా ఉన్నవి. బయటి నగరంలో ప్రతి వీథీ కొలబద్దతో గీసినట్లుండగా, లోపల మరుసటి మలుపులో ఏమున్నదో తెలియదు.

పగిలిన పెంకులను సిమెంటులో అతికే పని చండీగఢ్‌లోనే పుట్టినది కాదు. బార్సిలోనా నగరంలో అంటోని గౌడి, ఆయన సహచరుడు జుజోల్ 1900 నుండి 1914 వరకు నిర్మాణం జరిగిన గుయెల్ ఉద్యానవనంలో పాముచుట్టలవంటి అరుగులకు పగిలిన పలకలు తాపినారు. వంపు తిరిగిన తలానికి చదునైన పెద్ద పలక అతకదు, చిన్న ముక్కలైతే అతుకుతాయి. అక్కడ పగలడం కూడ ఒక ఉపయోగమే. లాస్ ఏంజలిస్‌లో సైమన్ రోడియా అనే ఇటలీ దేశపు కూలి 1921 మొదలుకొని మూడు దశాబ్దాలకు పైగా ఒంటరిగా శ్రమించి, ఉక్కు ఊచలకు జాలీ చుట్టి, సిమెంటు పూసి, సీసాలు, గవ్వలు, పింగాణి పొదిగి గోపురాలు లేపినాడు. వాటిలో ఎత్తైనది సుమారు 30 మీటర్లు. అవి ప్రమాదకరమని 1959లో నగరపాలకులు పడగొట్టబోగా, పరీక్ష పెట్టి చూడండని అభిమానులు పట్టుబట్టినారు. సుమారు 4,500 కిలోల బలంతో లాగినా గోపురం కదలలేదు. లాగే పరికరమే వంగినది. ఇది పాఠ్యపుస్తకాలలో చేర్చదగిన ప్రయోగం.

నేక్‌చంద్‌కు అటువంటి పరీక్ష వేరొక రూపంలో ఎదురైనది. 1970 తరువాతి సంవత్సరాలలో ఆయన రహస్యం అధికారుల కంట పడినది. అప్పటికి తోట పన్నెండు పదమూడు ఎకరాలకు విస్తరించి, వందలకొద్దీ బొమ్మలతో నిండి ఉన్నది. చట్టం ప్రకారం కూల్చివేయవలసినదే. ప్రభుత్వోద్యోగి ప్రభుత్వ భూమిలో, నిషేధించిన చోట, అనుమతి లేకుండ కట్టినది అది. నగర పథకాన్ని అక్షరాలా పాటించవలెనన్నవారి వాదం అర్థం లేనిది కాదు. ఒకరిని విడిచిపెడితే రేపు అడవి అంతా ఆక్రమణల పాలు కావచ్చును. అయినా చూడవచ్చినవారు చూచి పోలేకపోయినారు. చివరకు కూల్చడం మాని, 1976లో తోటను ప్రజలకు తెరచినారు. నేక్‌చంద్‌ను రోడ్ల పనినుండి తప్పించి, రాతితోటకు సబ్‌డివిజనల్ ఇంజనీరు అనే హోదా ఇచ్చి, యాభైమంది పనివారిని అప్పగించినారు. నగరంలో అక్కడక్కడ పాత సామాను సేకరించే కేంద్రాలు ఏర్పడినవి. నిన్నటిదాకా దొంగచాటుగా ఏరుకొన్న చెత్తను నగరమే తెచ్చి ఇవ్వసాగినది. 1983లో ఆ తోటపై తపాలా బిళ్ల వెలువడినది. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. 1986లో ఆయన బొమ్మలు అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని పిల్లల మ్యూజియంలో కూడ కొలువు తీరినవి.

ఆ 1976లోనే ఐరోపాలో మరొక సంఘటన జరిగినది. వాల్టర్ స్టాహెల్, జెనెవీవ్ రెడే అనే ఇద్దరు ఐరోపా కమిషనుకు ఒక నివేదిక సమర్పించినారు. వస్తువును పారవేసి కొత్తది చేయడంలో ఖర్చయ్యేది ముఖ్యంగా ఇంధనశక్తి. వస్తువును బాగుచేసి మళ్లీ వాడడంలో ఖర్చయ్యేది ముఖ్యంగా మనిషి శ్రమ. కాబట్టి శక్తికి బదులు శ్రమను వినియోగించే అవకాశం ఎంత ఉన్నదో చూడవలెనన్నది అందులోని విషయం. భూమిని సరుకు పరిమితమైన వ్యోమనౌకగా భావించవలెనని కెనెత్ బౌల్డింగ్ అంతకు పదేళ్లు ముందు, 1966లో, వ్రాసియున్నాడు. ఈ రెండు ఆలోచనల బాటలోనే తరువాత చక్రీయ ఆర్థిక వ్యవస్థ అనే మాట ప్రచారంలోకి వచ్చినది. తవ్వు, తయారుచేయి, పారవేయి అనే తిన్నని గీతకు బదులు, వస్తువు చుట్టూ తిరిగి మళ్లీ వాడకంలోకి రావలెననేది దాని సూత్రం. ఆ నివేదిక చండీగఢ్‌కు, చండీగఢ్ సంగతి ఆ నివేదికకు తెలిసినట్లు ఆధారం లేదు. అయినా రాతితోట ఆ వాదానికి కళ్లెదుట నిలిచిన ఉదాహరణ. గాజుముక్కలను కొలిమిలో కరగించాలంటే 1,400 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. రంగు రంగుకు ఏరి, వ్రేళ్లతో ఒక్కొక్కటిగా నొక్కాలంటే బొగ్గు అక్కరలేదు, ఓపిక కావాలి. పద్దెనిమిదేళ్ల రాత్రులే అక్కడి ఇంధనం.

ఇంతమాత్రాన ఆ తోట అన్ని విధాల ఆదర్శమని చెప్పడం శాస్త్రదృష్టి కాదు. పెంకు పాతదే గాని దానిని పట్టి ఉంచిన సిమెంటు కొత్తది. సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినప్పుడు ప్రతి 100 కిలోల శుద్ధమైన సున్నపురాయినుండి 44 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. సుమారు 1,450 డిగ్రీల వరకు మండించే ఇంధనపు పొగ దీనికి అదనం. అంతకంటె ముఖ్యమైన లోపం మరొకటి ఉన్నది. సిమెంటులో ఒకసారి బిగిసిన సైకిలు చట్రం మళ్లీ సైకిలు కాదు, కరగించే తుక్కు కూడ కాదు. వస్తువు ఒక మలుపు తిరిగి వచ్చినది నిజమే, కాని చక్రం అక్కడ ఆగిపోతుంది.

ఈ విషయంలో తెలుగు దేశపు పాత ఇళ్లు కొంత ముందున్నవి. పెంకుటిల్లు తీసివేసేటప్పుడు మనవారు ఇల్లు కూల్చినారనరు, ఇల్లు విప్పినారంటారు. టేకు దూలాలు, ద్వారబంధాలు, కిటికీలు, పెంకులు ఒకటొకటిగా ఊడదీసి అమ్ముతారు. కొన్నవారు మరొక ఇంటికి వాడుకొంటారు. గానుగ సున్నంతో కట్టిన ఇటుకను చిన్న గొడ్డలితో గీకితే సున్నం రాలి ఇటుక నిలువునా వస్తుంది. సిమెంటుతో కట్టిన గోడ పడగొడితే అతుకు ఊడదు, ఇటుకే ముక్కలవుతుంది. ఇటుకకంటె అతుకు బలహీనంగా ఉండడం ఇక్కడ మేలు చేసినది. నేడు పాత సామానుతో తోటలు వేసే నిపుణులు కూడ ఇదే పాటిస్తున్నారు. విరిగిన నాపరాళ్లను ఇసుకమీద పరచి సందులలో గడ్డి మొలిపిస్తారు. రాళ్లను సిమెంటు లేకుండ పేర్చి మడిగట్లు కడతారు. పాత కర్రను మేకులతో కాక మరలతో బిగిస్తారు. వాననీరు సందులలోనుండి నేలలోకి ఇంకుతుంది. అవసరం తీరినప్పుడు రాయి రాయిగానే తిరిగి చేతికి వస్తుంది. అయితే అటువంటి తోటలో నిలువెత్తు నాట్యకత్తెల వరుస నిలువదు. ఏది కావలెనో ఎన్నుకోవలసి ఉంటుంది.

1976 తరువాత చండీగఢ్ తోట పెరుగుతూ పోయి నలభై ఎకరాలకు చేరినది. జలపాతాలు, కాలువలు, ఎత్తైన కమానులు, వాటికి వ్రేలాడే ఉయ్యాలలు చేరినవి. జలపాతాలలో పడిన నీటినే పంపులతో తిరిగి పైకెత్తుతారు. దర్జీల దుకాణాలలో మిగిలిన గుడ్డపీలికలు కుక్కి నిలువెత్తు గుడ్డబొమ్మలు కూడ నేక్‌చంద్ చేసినారు. కష్టాలు మాత్రం తీరలేదు. 1980 దశకం చివరలో తోటలో కొంత భాగం తీసివేసి దారి వేయబూనగా, జనులు చేతులు కలిపి యంత్రాల ఎదుట నిలిచినారు. వ్యవహారం న్యాయస్థానానికి పోయి తోట నిలిచినది. 1996లో ఆయన విదేశ పర్యటనలో ఉండగా నిర్వహణకు ఇచ్చే ధనం ఆగిపోయి, అల్లరిమూకలు బొమ్మలను పగులగొట్టినవి. తరువాత ఒక సంఘం ఏర్పడి నిర్వహణ చేపట్టినది. 2015 జూన్ 12న నేక్‌చంద్ తొంభై ఏళ్ల వయసులో కన్నుమూసినారు.

ఆ తరువాతి సమస్య రసాయన శాస్త్రానిది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటు రంధ్రాల గుండా ఏటేటా కొంచెం కొంచెం లోపలికి చొచ్చి, అక్కడి సున్నాన్ని మళ్లీ సున్నపురాయిగా మారుస్తుంది. క్షారగుణం తగ్గుతుంది. అది ఇనుము దాకా చేరిననాడు రక్షణపొర కరిగి తుప్పు మొదలవుతుంది. తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, పైనున్న సిమెంటును లోపలినుండి చీలుస్తుంది. పెంకులు చెక్కుచెదరకున్నా వాటి క్రింది ఒళ్లు బ్రద్దలవుతుంది. బొమ్మల పైపూత పలుచనిది గనుక ఈ ప్రయాణం పెద్ద భవనాలలోకంటె త్వరగా ముగుస్తుంది. పగిలిన బొమ్మను సరిచేయడానికి మళ్లీ అటువంటి పెంకులే కావాలి. కాని గాజులలోను కప్పులలోను ప్లాస్టిక్కు చేరిన తరువాత, సైకిలు చట్రాలలో తేలిక లోహాలు చేరిన తరువాత, నగరపు చెత్త పాత చెత్తవలె లేదు.

తోట పక్కనున్న లె కార్బూజియే భవనాల సముదాయాన్ని 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చినది. ఆ భవనాలలో హైకోర్టు ఒకటి. 2025 మొదటి నెలలలో హైకోర్టు వద్ద వాహనాల రద్దీ తగ్గించడానికి, దారి వెడల్పు చేసే పనిలో భాగంగా, రాతితోట గోడలో కొంత భాగాన్ని పడగొట్టినారు. పౌరులు, విద్యార్థులు, వాస్తుశిల్పులు అక్కడ గుమిగూడి నిరసన తెలిపినారు.